పెన్‌గంగ ఇసుకలో రంగు రాళ్లు

హనుమకొండలో ఎటు చూసినా గ్రానైట్ బండలే. ఆదిలాబాద్ నల్లరేగడి లావా రాయి చివికి ఏర్పడిన నేల అని, ఆ లావా వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లని తెలిశాక, ఆ రాళ్లు చూసి రావాలనిపించింది. జనవరి చివర్లో బావతో కలిసి బస్సెక్కాను.

ముందు కుంటాల జలపాతానికి వెళ్లాం. 45 మీటర్ల ఎత్తు నుంచి కడెం నది దూకే చోటు, తప్పక చూడాల్సిందే. రాళ్ల కోసమైతే మాత్రం అక్కడికి పోవద్దు. అది అడవి, అక్కడివి అక్కడే ఉండాలి. మెట్లు ఎక్కి వచ్చేసరికి బావ మోకాళ్లు పట్టేశాయి.

మాకు రాళ్లు దొరికింది డొల్లార ఊరి దగ్గర, పెన్‌గంగ ఇసుకలో. ఈ నది అజంతా కొండల్లో పుట్టి, దారి పొడుగునా లావా నేలను కోసుకుంటూ వస్తుంది. లావా చల్లారినప్పుడు గాలిబుడగల చోట గుంతలు మిగులుతాయి. వాటిలోకి సిలికా కలిసిన నీరు ఊరి, పొర మీద పొర పేరుకుంటే అగేట్ తయారవుతుంది. బండ అరిగిపోయినా గట్టిగా ఉండే అగేట్ గులకరాయై నదిలోకి చేరుతుంది. తేనె రంగువి, ఎర్రవి, పాలలాంటివి ఏరుకున్నాం. తడిమీద అన్నీ రత్నాల్లాగే మెరుస్తాయి, ఆరబెట్టాకే ఎంచుకోండి.

ఆదిలాబాద్ బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, రాళ్లు కడగడానికి రెండు బకెట్లు కూడా ఇచ్చారు. వేడినీళ్లు ఉన్నాయన్నారు కానీ గీజర్ పనిచేయలేదు. ఆ చలిలో చన్నీళ్ల స్నానం చాలా కష్టం, గది తీసుకునే ముందే నల్లా తిప్పి చూడండి. రోజంతటికీ మాట్లాడుకున్న ఆటోకు ఇచ్చిన 1,200 మాత్రం పూర్తిగా గిట్టుబాటు. ఇసుకలోకి దిగే బాట చూపించింది ఆ ఆటో అన్నే.

రాత్రి పేపర్ పరిచి పరీక్షలు మొదలుపెట్టాం. రంగు చూసి పేరు పెట్టకూడదు. ఫోన్ టార్చ్ ఆనించితే అంచుల్లో వెలుగు పారేది అగేట్. వెలుగు దూరనిది, ముదురు ఎరుపుది జాస్పర్, ఆ ఎరుపు ఇనుముది. రెండింటి మీదా చాకు గీత పడదు, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో వీటి కాఠిన్యం 7 దాకా ఉంటుంది. బావ పలుగురాయి అని మురిసిపోయిన తెల్ల ముక్క మీద చాకు సులువుగా దిగింది. రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొచ్చాయి. అది కాల్సైట్ అనే సున్నపు ఖనిజం, కాఠిన్యం 3 మాత్రమే. అయినా దాన్ని జేబులోనే పెట్టుకున్నాడు.

ఎండాకాలంలో నది ఇంకా తగ్గుతుందట. ఆటో అన్న నంబరు దాచుకున్నాను.