కొత్త సంఘానికి ఏది మేలు: తల్లి సంఘం చేయూతా, స్పాన్సర్ డబ్బా?

రామచంద్రపురం వైపు ఏ పెళ్లికెళ్లినా, ఏ మందిర ప్రతిష్ఠకెళ్లినా భోజనాల దగ్గర నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "ట్రెజరర్ గారూ, మా పక్క ఊళ్లో ఓ పది కుటుంబాలు కూడుకుంటున్నాయండి. క్రైస్తవ సంఘంగా నిలబెట్టాలంటే మనమే మొయ్యాలా, ఎవరైనా విదేశీ స్పాన్సర్‌ని చూసుకోవాలా?" పోయినేడు మా బాప్టిస్టు సంఘానికీ ఇదే ప్రశ్న వచ్చింది. మూడు నెలలు కమిటీలో వాదించుకుని తల్లి సంఘం దారి పట్టాం, అంటే కొత్తదాన్ని పాత సంఘమే మోసే దారి. ఆ మూడు నెలలూ నేను చూసిన లెక్కలు, విన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను.

స్పాన్సర్ డబ్బుని తీసిపారేయను. పని త్వరగా అవుతుంది. నెలనెలా జీతం, పాస్టర్ గారికి బండి, ఏడాది తిరక్కుండా రేకుల షెడ్డు, మైకు సెట్టు. మాలాంటి సంఘానికి అంత చేయాలంటే ఐదేళ్లు పడుతుంది. ఇక్కడి బాప్టిస్టు చరిత్రలోనూ బయటి చెయ్యి ఉంది కదా. కాకినాడలో ఈ పని మొదలుపెట్టింది దొరలు కాదు, థామస్ గాబ్రియేల్ అనే మనవాడే. ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని దిగాడు. డబ్బు చాలక ఇబ్బంది పడుతుంటే కెనడా బాప్టిస్టులు అందుకున్నారు, 1874లో మెక్లారిన్ దొర కాకినాడ వచ్చారు. ఆ సాయం రాకపోతే సామర్లకోట సెమినరీ ఉండేదా, పిఠాపురం ఆసుపత్రి ఉండేదా? కాబట్టి విదేశీ డబ్బు అనగానే ముక్కు చిట్లించే వాళ్లతో నేను కలవను.

కానీ ఇప్పుడు ఆ దారి మునుపటిలా లేదు. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకు పంచిపెట్టడం కుదరదు. అలాంటి డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘాలకు పంపే పాత పద్ధతి అక్కడితో ఆగింది. (కువైట్‌లో పనిచేసే మన ఆడపిల్లలు తమ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక ఈ చట్టం కిందికి రాదు, వాళ్లు మన పౌరులే కాబట్టి. దీని గురించి చాలామంది ఉత్తపుణ్యానికి టెన్షన్ పడుతున్నారు.)

అయినా నా మనసు తిప్పింది చట్టం కాదు, కానుకల పుస్తకం.

స్పాన్సర్ మీద నడిచిన ఒక సంఘం లెక్కలు సరిచూడమని రెండేళ్ల క్రితం నన్ను పిలిచారు. ఊరి పేరు చెప్పను. మొదటి ఏడు ఆదివారం కానుక ఎంతుందో, నాలుగో ఏడూ అంతే ఉంది. మనుషులు మాత్రం రెట్టింపయ్యారు. ఇదేంటని ఒక పెద్దావిణ్ణి అడిగితే, "అయ్యగారికి అమెరికా నుంచి వస్తాది కదా బాబూ, మా పది రూపాయలు ఏం చేసుకుంటారు?" అంది. ఆవిడ పిసినారి కాదు. అదే పేటలో ఇల్లు కాలిపోతే మంచం, కోడి తెచ్చి ఇచ్చిన మనిషి. అవసరం కనబడితే ఇస్తుంది. అక్కడ కనబడనిచ్చేవాళ్లు లేరంతే. తర్వాత స్పాన్సర్ ఆగిపోయాడు. మూడో నెలకి పాస్టర్ గారు వేరే ఊరు వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టను, పిల్లల ఫీజులు కట్టుకోవాలి. మందిరానికి మాత్రం తాళం పడింది.

ఇది లూథరన్లకైతే ఇంత సమస్య కాదు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకీ కాదు. వాళ్లకి పైన సినడో డయోసిసో, అంటే సంఘాలన్నిటినీ నడిపే పై సభ ఉంటుంది, పాస్టర్‌ని అదే వేస్తుంది, అదే మారుస్తుంది. మన బాప్టిస్టులకి బిషప్పు లేడు. పాస్టర్‌ని పిలుచుకునేది సంఘమే, వద్దనుకుంటే పంపేదీ సంఘమే, చేతులెత్తి ఓటేసి. కానీ జీతం ఎక్కడో ఇంకొకరు ఇస్తుంటే ఆ చేతులకి బలమెక్కడిది? పాస్టర్ గారు నెలాఖరుకి ఎవరికి రిపోర్టు రాస్తే ఆయన సంఘం అదే. ఇక ఆ రిపోర్టుల్లో బాప్తిస్మాల అంకెలంటారా, అన్నీ కూడితే మా మండలం జనాభా చాలదు.

డబ్బుకీ బాప్తిస్మానికీ మధ్య ఎడం ఉండాలని ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఎప్పుడో చూపించారు. 1876-78 కరువులో సాయం పంచుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. ఆ అంకె అందరికీ నోటికొచ్చు. దానికి ముందు ఆగిన నెలలు ఎవరికీ గుర్తుండవు.

తల్లి సంఘం దారిలో పిడికెడు బియ్యంతో మొదలుపెట్టవచ్చు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం. కూలి దొరకని వారంలో కూడా ఇవ్వగలిగిన కానుక అది. మా కొత్త కూడికలో మొదటి ఆదివారం నుంచే పెట్టించాం. మొదటి నెల వచ్చిన దాంతో చాపలు కొన్నారు. చిన్న సంగతే, కానీ ఆ చాపల మీద కాళ్లు కడుక్కోకుండా ఎవరినీ కూర్చోనివ్వట్లేదు!

ఈ దారిలో లోపాలు లేవనను. తల్లి సంఘం అత్తగారి సంఘం అవుతుంది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) కోసం మా ఊరు రండి, కోత పండుగ కానుక ఇక్కడే వెయ్యండి, పెళ్లి రిజిస్టరు మా దగ్గరే ఉంటుంది అంటూ ఇరవై ఏళ్లు శాఖగానే ఉంచేస్తారు. అందుకే మా తీర్మానంలో గడువు రాయించాను: మొదటి ఏడు పాస్టర్ గారి జీతం మొత్తం మేమిస్తాం, తర్వాత ఏటా నాలుగో వంతు తగ్గిస్తాం, ఐదో ఏడు వాళ్లు సొంత సంఘం. దీని మీద కమిటీలో పెద్ద గొడవే అయింది. "మరీ కోడలిని వెళ్లగొట్టినట్టుంది" అన్నారొకరు. వేరు కాపురం పెట్టిస్తున్నామని చెప్పాను.

స్వతంత్రంగా ఒక్కరే సొంత పేరుతో పెట్టుకునే పరిచర్యల గురించి పెద్దగా చెప్పను. అక్కడ డీకన్లు (సంఘం ఎన్నుకున్న పెద్దలు) ఉండరు, లెక్క అడిగే దిక్కుండదు. ఉద్యోగం చేసుకుంటూ సేవ చేసే పాస్టర్ దొరికితే మంచిదే, దొరకాలి కదా. ఆన్‌లైన్ ఆరాధన కరోనా రోజులకి సరిపోయింది.

ఏ దారైనా స్థలం మాత్రం పాస్టర్ గారి పేరున గానీ, పెద్ద కానుక ఇచ్చినాయన పేరున గానీ రాయించకండి. సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేయించి దాని పేరునే దస్తావేజు రాయించండి. మాకింకా స్థలం లేదు, ఒకరి పెంకుటింటి అరుగు మీదే కూడుకుంటున్నారు. ఐదుగురు బాప్తిస్మానికి పేర్లిచ్చారు. కాలువకి నీళ్లు ఆపేశారు కాబట్టి చెరువులో కానిచ్చేద్దామంటే వాళ్లు ఒప్పుకోలేదు, నీళ్లు వదిలాక తమ ఊరి రేవులోనే కావాలన్నారు.