ఇంటి చదువు గురించి ఎంపీతో ఏం చేయించుకోవాలి? ప్రశ్నా, పిటిషనా, కమిటీనా: ఏది మేలు?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్న తెలుగు అమ్మానాన్నలు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వ ఆఫీసు) నుంచి ఉత్తరం వచ్చింది, ఇంట్లో చదివే పిల్లల పేర్లు రాసుకునే రిజిస్టర్ అంటున్నారు, మా ఎంపీకి రాస్తే ఏమైనా ఉపయోగమా, లేక పిటిషన్ మీద సంతకాలు పెట్టించడం నయమా అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వివరం రాబట్టాలంటే రాతపూర్వక ప్రశ్న మేలు. చట్టాన్ని ఆపాలంటే పిటిషన్ కావాలి, కానీ అదొక్కటే చాలదు. రోజువారీ ఇబ్బంది తీరాలంటే కమిటీ, అంటే ఒక శాఖ పనితీరును పరిశీలించే ఎంపీల బృందం. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే నెలలు గడిచిపోతాయి, మాకు అలాగే గడిచిపోయాయి.

ముందు ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంది కదా, మనకెందుకులే అని ఆగిపోకండి. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, ఈ-పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చు. ఓటు లేకపోయినా, మీరుండే నియోజకవర్గం ఎంపీకి మీరు రాయొచ్చు. ఉత్తరంలో ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆఫీసు వాళ్లు పక్కన పెట్టేస్తారు.

రాతపూర్వక ప్రశ్న మన లోక్‌సభలో నక్షత్రం గుర్తు లేని ప్రశ్న లాంటిదే. ఎంపీ రాసిస్తారు, మంత్రి రాతలోనే జవాబిస్తారు, మామూలుగా వారం రోజుల్లో వస్తుంది. ఫలానా రోజుకే జవాబు కావాలని అడిగే పద్ధతి కూడా ఉంది, కానీ ఒక ఎంపీ అలాంటివి రోజుకు ఐదుకు మించి వేయకూడదు. దీని బలమంతా ఎక్కడుందంటే, జవాబు పార్లమెంటు రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు మీ కౌన్సిల్ ఆఫీసర్ అడ్డంగా మాట్లాడితే ఆ కాగితం చూపించొచ్చు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. 'ఇంటి చదువు చదివే పిల్లల కోసం ప్రభుత్వం ఏం చేస్తోంది' అని అడిగితే రెండు పేరాల నున్నటి మాటలు వస్తాయి, అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ ఏడాది, ఏ కౌన్సిల్, ఎన్ని అని అడగాలి. ఇంటి దగ్గర చదివే పిల్లలు ఎంతమంది అని అడిగితే, ఆ లెక్క మా దగ్గర లేదు అనే జవాబే ఏళ్ల తరబడి వచ్చింది, ఎందుకంటే విద్యా శాఖ అసలు ఆ లెక్క తీసుకోలేదు. 2022 శరదృతువు నుంచి కౌన్సిళ్ల దగ్గర లెక్కలు తీసుకోవడం మొదలుపెట్టారు. 2024 శరదృతువుకు వచ్చిన అంచనా 1,11,700 మంది. లెక్క లేదు అనే జవాబు కూడా వృథా పోదని నేను గట్టిగా నమ్ముతాను, అదే మాట పదిసార్లు రికార్డుకెక్కితే శాఖకే ఇబ్బంది.

సభలో నోటితో అడిగే ప్రశ్న సంగతి వేరు. విద్యా శాఖ వంతు ఐదు వారాలకోసారి వస్తుంది, ఎవరి పేరు పైకి వస్తుందో లాటరీ. అదృష్టం మీద ఆధారపడ్డ పనికి మన టైమ్ పెట్టొద్దు.

ఇక పిటిషన్. ఆన్‌లైన్‌లో 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, 1,00,000 దాటితే చర్చకు తీసుకునే విషయం పిటిషన్ల కమిటీ పరిశీలిస్తుంది. ఆ చర్చ తర్వాత ఓటింగ్‌తో చట్టం మారిపోతుందనుకుంటే పొరపాటు, మంత్రి వచ్చి విని, జవాబు చెప్పి వెళ్తారు, అంతే. కానీ పిటిషన్ ఎలా పనిచేస్తుందో 2009లో చూశాం. ఆ జూన్‌లో, ప్రభుత్వం కోసం ఇంటి చదువు పద్ధతిని సమీక్షించిన గ్రాహమ్ బాడ్‌మన్ నివేదిక వచ్చింది. ఇంటి చదువుకు ఏటా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని, అధికారులు ఇంటికి రావడానికి, పిల్లవాడితో అవసరమైతే విడిగా మాట్లాడటానికి హక్కు ఉండాలని అందులో ఉంది. రిజిస్ట్రేషన్ విషయాన్ని ప్రభుత్వం ఆ నవంబరులోనే బిల్లులో పెట్టేసింది. అప్పుడు గ్రాహమ్ స్టూవర్ట్ అనే కన్జర్వేటివ్ ఎంపీ నడుం కట్టారు. డిసెంబరులో ఒక రాత్రి, డజన్ల కొద్దీ ఎంపీలు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ తమ నియోజకవర్గాల తల్లిదండ్రుల కాగితం పిటిషన్లు సభకు సమర్పించి, స్పీకర్ కుర్చీ వెనక వేలాడే ఆకుపచ్చ సంచిలో వేశారు. లక్ష సంతకాలు ఒకే కట్టగా ఇవ్వలేదు, ఏ ఊరి కాగితం ఆ ఊరి ఎంపీ చేతికి ఇచ్చారు. నా దృష్టిలో కిటుకంతా అదే, తన ఓటర్ల పిటిషన్‌ను సభలో లేచి సమర్పించిన ఎంపీ రేపు ఆ విషయం మర్చిపోవడం కష్టం. చివరికి 2010 ఏప్రిల్‌లో, ఎన్నికల ముందు బిల్లులు హడావిడిగా తేల్చేటప్పుడు, ప్రతిపక్షం ఒప్పుకోకపోవడంతో ఆ క్లాజులు తీసేశారు. కాబట్టి పిటిషన్ ఒక్కటే ఆపిందని చెప్పను, ఎన్నికలు దగ్గర పడ్డాయి, సభకు టైమ్ లేదు. కానీ ప్రతిపక్షం అంత గట్టిగా నిలబడడానికి ఆ సంచి కారణం కాలేదంటే నేను ఒప్పుకోను.

కమిటీ దారి నెమ్మది. అదే స్టూవర్ట్ తర్వాత విద్యా కమిటీ చైర్మన్ అయ్యారు, ఆ కమిటీ 2012లో ఇంటి చదువుకు అందే సాయం మీద నివేదిక ఇచ్చింది. కౌన్సిల్‌ను బట్టి సాయం మారిపోతోందని, పరీక్ష రాయడానికి సెంటర్ దొరకని పరిస్థితి పోవాలని చెప్పింది. ప్రభుత్వం రెండు నెలల్లో జవాబివ్వడం ఆనవాయితీ, అమలు చేసి తీరాలని మాత్రం లేదు. అయినా నాకు అన్నింటికంటే కళ్లకు కట్టిన నివేదిక అదే, ఎందుకంటే మా పెద్దాడి జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటివి) పరీక్షలకు నేను ఇదే అనుభవించాను. దగ్గర్లో ఉన్న బడులన్నీ ప్రైవేట్ క్యాండిడేట్‌ను తీసుకోం అన్నాయి. ఫోన్ పక్కన కాగితం పెట్టుకుని ఒక్కొక్క పేరూ కొట్టేసుకుంటూ పోతే, పదమూడో పేరు దగ్గర ఒకళ్లు సరే అన్నారు. పరీక్ష రోజుల్లో తెల్లవారుజామున ఐదింటికి లేచి, టిఫిన్ బాక్స్‌లో ఇడ్లీ పెట్టుకుని గంటంపావు డ్రైవ్ చేశాం.

మీ ఒక్క ఇంటి సమస్యకు, అంటే కౌన్సిల్ బెదిరింపు ఉత్తరం లాంటి దానికి, ఇవేవీ అక్కర్లేదు. ఎంపీ సర్జరీకి, అంటే ఆయన జనాన్ని కలిసే రోజున, వెళ్లి కౌన్సిల్‌కు ఒక ఉత్తరం రాయించుకోండి. 1996 విద్యా చట్టం 7వ సెక్షన్ ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. బిడ్డకు తగిన చదువు బడికి పంపి గానీ మరో విధంగా గానీ చెప్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. ఆ 'మరో విధంగా' అన్న మాట మీదే మనమంతా నిలబడి ఉన్నాం.

ఈ నెల మా ఎంపీకి నేను పంపిన ప్రశ్న ఇది, కౌన్సిల్ పేరు మార్చుకుని మీరూ పంపొచ్చు: 'మా కౌన్సిల్ పరిధిలో ప్రైవేట్ క్యాండిడేట్లను తీసుకునే జీసీఎస్‌ఈ పరీక్షా కేంద్రాలు గత మూడేళ్లలో ఏ ఏడాది ఎన్ని ఉన్నాయి?'