16-35 వైడ్ లెన్స్: ఏళ్ల తరబడి వాడాక

ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సార్ ఉన్నది) మీద 16-35 ఎంఎం ఎఫ్/4 జూమ్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం ఎక్కువ తెరుచుకుంటుంది, వెలుతురు ఎక్కువ వస్తుంది. కొండలు, తీరాలు ఒకవైపు. పాత కట్టడాల లోపలి భాగాలు, హాళ్లు, షూటింగ్‌కి ముందు చూసి రావాల్సిన చోట్లు ఇంకోవైపు. రెండింటికీ ఇదే లెన్స్. అయితే ఆ రెండు పనుల్లో దీన్ని వాడే తీరు పూర్తిగా వేరు.

ఎదురుగా ఉన్నదంతా ఫ్రేములో పట్టేద్దామని ఇది కొనేవాళ్లకి మొదట నిరాశే ఎదురవుతుంది. 16 దగ్గర మూల నుంచి మూలకి దాదాపు 107 డిగ్రీలు కనిపిస్తుంది. 24కి వస్తే 84, 35కి వస్తే 63. అంత వెడల్పు పట్టాక, కళ్లెదుట అంతెత్తున నిలబడ్డ కొండ ఫొటోలో పుట్టంత అయిపోతుంది. అక్కడే నిలబడి 35తో తీస్తే ఆ కొండే రెట్టింపుకి మించి పెద్దగా వస్తుంది. అందుకే 16 పెట్టినప్పుడు కొండ సంగతి తర్వాత, ముందు కాళ్ల దగ్గర ఏముందో చూసుకుంటాను. ఒక బండ, నీటిపాయ, ఇసుకలో గీతలు, ఏదైనా సరే. ట్రైపాడ్ కాళ్లు బార్లా చాపి, మోకాళ్ల మీద కూర్చుని, దానికి అర మీటరు దూరంలోకి వెళ్లాలి. అంత దగ్గర్లో కెమెరాని జానెడు పక్కకి జరిపినా బొమ్మ మొత్తం మారిపోతుంది. దూరపు కొండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ లెన్స్‌లో నాకు నచ్చేది సరిగ్గా ఇదే. వంగే ఓపిక లేని రోజున దీన్ని సంచిలోంచి తీయను.

దగ్గరి బండా దూరపు కొండా రెండూ స్పష్టంగా రావాలంటే 16 దగ్గర, ఎఫ్/11లో, దాదాపు 80 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేయాలి. లెక్క ప్రకారం 40 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా ఫోకస్‌లో ఉంటుంది. ఎంత స్పష్టత ఉంటే చాలన్నదానికి ఆ లెక్క వాడే కొలమానం పాతది. ఎక్కువ మెగాపిక్సెళ్ల సెన్సార్ మీద పెద్దగా చేసి చూస్తే దూరపు చెట్లు కాస్త మెత్తగా కనిపిస్తాయి. అందుకని ఒక మీటరు దాటాక ఫోకస్ చేసి, ముందుభాగానికి వేరే ఫొటో తీసి రెండూ కలుపుతాను. ఎఫ్/16 దాటి మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి చెదరడం) వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది, లాభం లేదు. పూర్తిగా తెరిస్తే మూలలు నీరసం, ఎఫ్/8కి వచ్చేసరికి బాగుపడతాయి. 16 దగ్గర సరళరేఖలు బయటికి ఉబ్బడం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెన్స్‌కుండే ప్రొఫైల్‌తో ఒక్క క్లిక్‌లో పోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇక పోలరైజర్ మాట, అంటే మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీద అది గట్టిగా పనిచేస్తుంది, మిగతాచోట తగ్గుతుంది. ఇంత వెడల్పు లెన్స్‌కి బిగిస్తే నీలాకాశం మధ్యలో ముదురు పట్టీ పడుతుంది. దాన్ని తర్వాత సరిచేయడం తలనొప్పి. ఆకాశం లేని ఫ్రేములకి, అంటే తడి రాళ్లకీ, జలపాతాలకీ, ఆకుల మెరుపు తగ్గించడానికీ మాత్రం పోలరైజర్ ఇప్పటికీ వాడతాను. ఫిల్టర్ రింగు పలచనిది ఎంచుకోవాలి, లేకపోతే 16 దగ్గర మూలలు నల్లబడతాయి. ఇంకా వెడల్పు కావాలని 14తో మొదలయ్యే లెన్స్‌ల వైపు చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: వాటిలో చాలావాటికి ముందు అద్దం గుడ్డులా ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టర్ బిగించే మర ఉండదు. నీళ్ల దగ్గర ఎక్కువగా తీసేవాళ్లకి ఆ రెండు ఎంఎంల కంటే ఫిల్టర్ మరే ముఖ్యం.

కట్టడాల్లోకి వెళ్తే 16 నిజంగా అక్కరకొస్తుంది, ఎందుకంటే వెనక్కి జరగడానికి గోడ అడ్డం. ఇక్కడ కెమెరా సమతలంగా ఉండాలి. కాస్త పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలిపోతాయి. సమతలంగా పెడితే కింద సగం నేలే వస్తుంది. నేను నిలువు ఫ్రేములో తీసి కింది భాగం కోసేస్తాను. ఇలాంటి పనే రోజూ చేసేవాళ్లకి షిఫ్ట్ లెన్స్ (కెమెరాని వంచకుండా లెన్స్‌నే పైకీ కిందికీ జరపగలిగేది) సరైన దారి. మనుషుల్ని మాత్రం అంచుల్లో నిలబెట్టకండి, తలలు సాగిపోతాయి. సరళరేఖల్ని సరళంగా చూపించే ప్రతి వైడ్ లెన్స్‌కీ అది తప్పదు, లోపం అనుకోకూడదు. గుంపు ఫొటో అడిగితే 35కి తిప్పి వెనక్కి నడుస్తాను.

ఎదురుగా సూర్యుడుంటే లెన్స్ ముందు అద్దం మీద ఒక్క వేలిముద్ర చాలు, ఎఫ్/16లో ఫొటో అంతా మచ్చలే. హుడ్ (పక్క వెలుతురుని ఆపే తొడుగు) పొట్టిగా ఉంటుంది, దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. సూర్యుణ్ని ఆకుల అంచున సగం దాచి తీస్తే కిరణాలు చక్కగా విచ్చుకుంటాయి. అపర్చర్‌లో, అంటే వెలుతురు వచ్చే ఆ రంధ్రంలో, తొమ్మిది రేకులుంటే 18 కిరణాలు, ఎనిమిదుంటే ఎనిమిదే.

రాత్రి ఆకాశానికి ఇది సరిపోదు. ఎఫ్/2.8 లెన్స్‌కి దీనికంటే రెట్టింపు వెలుతురు అందుతుంది. నక్షత్రాలు గీతలు కాకుండా ఉండాలంటే నేను 16 దగ్గర కూడా 20 సెకన్లు దాటను. ఎఫ్/4తో ఆ టైములో పాలపుంత తీస్తే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందన) బాగా పెంచాల్సొస్తుంది, చీకటి భాగాల్లో నాయిస్, అంటే గరుకు చుక్కలు, తప్పదు. మిగతా పనులకి ఎఫ్/4 తేలిక, కొండెక్కేటప్పుడు ఆ తేడా భుజాలకి తెలుస్తుంది.

క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, అందుకే దృశ్యం ఇరుకుగా వస్తుంది) వాళ్లు దీన్ని కొనొద్దు, 10తో మొదలయ్యేది చూసుకోండి. వాడినది కొంటుంటే ఒక ఇటుక గోడకి ఎదురుగా ట్రైపాడ్ పెట్టి ఎఫ్/4లో ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే ఫర్వాలేదు. ఒక మూల మాత్రమే మెత్తగా ఉంటే, కెమెరాని గోడకి మరోసారి సరిగ్గా ఎదురుగా పెట్టి తీసి చూడండి. అప్పటికీ అదే మూల మెత్తగా వస్తే లోపలి అద్దం పక్కకి జరిగినట్టే, వెనక్కి ఇచ్చేయండి.