కిమ్ జంగ్ గి స్కెచ్‌బుక్, భీమాయన: చాన్నాళ్ళు దగ్గర పెట్టుకున్నాక

పోయిన ఏడాది బోనస్ పడగానే రెండు కొన్నా, ఒకటి కిమ్ జంగ్ గి 2011 స్కెచ్ కలెక్షన్, ఇంకోటి భీమాయన అనే బొమ్మల కథ పుస్తకం. అప్పుడే రాస్తే అబ్బో ఓహో తప్ప ఏం ఉండేది కాదు, ఇప్పుడు ఆ ఊపు తగ్గింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

స్కెచ్‌బుక్ ఇటుకలా ఉంటది. పడుకుని చూద్దాం అనుకుంటే మొహం మీద పడుద్ది, టేబుల్ మీద పెట్టాల్సిందే. ఈయన కొరియా ఆర్టిస్టు, పెన్సిల్‌తో ముందు గీసుకోడం లాంటివేం లేకుండా జనం చూస్తుండగానే గోడంత కాగితం మీద బ్రష్ పెన్‌తో లాగించేసేవాడు, 2022 అక్టోబర్‌లో ప్యారిస్‌లో పోయాడు, 47 ఏళ్ళే పాపం.

మొదటిసారి గబగబా తిప్పితే యాభై పేజీలకే కళ్ళు అలిసిపోయాయి, ప్రతి పేజీ కిక్కిరిసి ఉంటది మరి. మనం బాపు గీత చూసి పెరిగినోళ్ళం, ఆయన గీయకుండా వదిలేసిన చోట కూడా బొమ్మ కనపడుద్ది, ఈయనేమో ఏదీ వదలడు. తర్వాత రోజుకో పేజీ తీసి ఏదో ఒక మూల ముక్క మాత్రం కాపీ చేయడం మొదలెట్టా, అప్పుడు దొరికింది అసలు మజా. గుంపులో వెనక సగమే కనపడే మనిషికి కూడా మోకాలి దగ్గర ప్యాంటు ముడత సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడుద్ది. ఫిష్ ఐ లెన్సులో చూసినట్టు అంతా వంగి కనపడే బొమ్మల్లో అయితే ముందున్నోడి బూటు వాడి తలకాయ కంటే పెద్దది, వెనక బిల్డింగులన్నీ వంగిపోయి ఉంటాయి, అయినా ఎక్కడా తప్పుగా అనిపించదు, స్కేలు పెట్టి గీసినా నాకు రాదది.

కానీ నేర్చుకోడానికని కొనేవాళ్ళు ఆగండి, స్టెప్పులూ వివరణలూ ఏం లేవు, అక్కడక్కడా ఉన్న రాతలు కూడా ఎక్కువ కొరియన్‌లోనే. బట్టల్లేని బొమ్మలు కూడా బాగానే ఉన్నాయి, పిల్లలకి అందే అరలో పెట్టకండి. నా కాపీ ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది, మార్చమంటే అమ్మినోళ్ళు పట్టించుకోలేదు, బైండింగ్ మాత్రం ఇంత వాడినా ఒక్క పేజీ ఊడలేదు.

ఇక భీమాయన. నవయాన అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 2011లో అచ్చేశారు, అంబేడ్కర్ కథ, బొమ్మలు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేశారు. మామూలు కామిక్స్‌లోలా డబ్బాలు ఉండవు, వాళ్ళ ఇళ్ళ గోడల మీద వేసే దిగ్నా ముగ్గుల్లాంటి వంపులే పేజీని విడగొడతాయి, రైలు పామై పోతుంటది. మాటల బుడగలు చూడాలి అసలు, మెత్తగా మాట్లాడేవాళ్ళవి పిట్ట ఆకారంలో, విషం కక్కేవాళ్ళవి తేలు కొండితో ఉంటాయి, అంటే ఏమన్నాడో చదవకముందే ఎలాంటి మాటో తెలిసిపోద్ది. 1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన చిన్నప్పటి అంబేడ్కర్‌నీ తోడున్న పిల్లల్నీ అంటరానివాళ్ళని ఏ బండివాడూ ఎక్కించుకోడు, చివరికి ఒకడు డబుల్ కిరాయి తీసుకుని మరీ మీరే తోలుకోండి అని పక్కన నడుస్తాడు, ఆ భాగం ఇప్పటికీ తీసి చూస్తుంటా.

నచ్చనిదల్లా ఆ బస్టాపు మాటలు. ఈ కాలం మనుషులిద్దరు రిజర్వేషన్ల గురించి వాదించుకుంటూ కథ చెప్పుకుంటారు, క్లాసు పీకుతున్నట్టు ఉంటది, రెండోసారి నుంచి ఆ పేజీల్లో బొమ్మలు మాత్రమే చూసి ముందుకెళ్ళిపోతున్నా.

ఒక్కదానికే డబ్బులుంటే భీమాయన తీసుకోండి, బొమ్మలు గీయనివాళ్ళకి కూడా పనికొస్తది. స్కెచ్‌బుక్ ఇంపోర్ట్ రేటుకి ఎవరిదైనా అడిగి ఒక సాయంత్రం చూశాకే కొనండి. నేనైతే ఆయనదే 2016 కలెక్షన్ సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నా, ఎవరైనా అమ్మేస్తుంటే చెప్పండి.