గుర్రమంటే భయపడే కొత్తవారికి తగిన స్వారీ కేంద్రం

కుటుంబంతో సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లల పట్టుదల వల్ల ఒక గంట గుర్రపు స్వారీకి పేర్లు ఇచ్చాము. అంతకుముందు నేను గుర్రం దరిదాపులకు కూడా వెళ్ళినదాన్ని కాదు. ఆ కేంద్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినది, ఎవరినీ తొందరపెట్టి జీను మీద కూర్చోబెట్టకపోవడం. గుర్రానికి సరిగ్గా తన వెనుక ఉన్నది కనిపించదు కనుక అటునుంచి వెళ్ళకూడదని, భుజం వైపునుంచి మాట్లాడుతూ దగ్గరకు రావాలని చెప్పి, శిక్షకురాలు ముందుగా మెడ నిమరమన్నారు. నా అరచేతి కింద ఆ వెచ్చని చర్మం ఒక్కసారి అదిరి, మళ్ళీ నెమ్మదించింది. గుర్రం ఒక చెవిని నా వైపు తిప్పింది. నా భయం సగం అక్కడే తగ్గింది.

ఎడమవైపునుంచి ఎక్కించాక, మడమలు కిందికి దించి, పాదం ముందుభాగాన్ని మాత్రమే రికాబులో, అంటే జీనుకు వేలాడే పాదం పెట్టుకునే కడియంలో, ఉంచమన్నారు. పాదం లోపలికి దూరిపోతే, పడినప్పుడు అందులో చిక్కుకుని గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంటుంది. నేను పగ్గాలను బిగించి లాగినప్పుడల్లా, దాని నోటికి నొప్పి కలుగుతుందని ఓపికగా గుర్తుచేశారు. కొంతదూరం నడిచాక ఆగి, వదులైన జీను పట్టీని మళ్ళీ బిగించారు కూడా.

లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు: మా అబ్బాయికి ఇచ్చిన హెల్మెట్ వదులుగా ఉంటే, మేము అడిగిన తరువాతే మార్చారు. పిల్లలతో వెళ్ళేవారు గడ్డం కింది పట్టీని తామే సరిచూసుకోవాలి. కాస్త మడమ ఉన్న బూట్లు, పొడవైన ప్యాంటు వేసుకుని వెళ్ళండి. మొదటిసారే దౌడు తీయించమని అడగకండి.