తుంబాలో బెత్తెడు రాకెట్

శ్రీహరికోటలో ప్రయోగం చూసి వచ్చినప్పటి నుంచి మా అబ్బాయిది ఒకటే పోరు: "మన మొట్టమొదటి రాకెట్ ఎక్కడి నుంచి ఎగిరింది నాన్నా?" ఆ మాట పట్టుకుని సెలవుల్లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరువనంతపురం వెళ్లాం. ఆ రాకెట్ ఎగిరిన తుంబా ఆ ఊరి పక్కనే.

మొదటి రాత్రి తంపానూరు స్టేషను దగ్గర చవక లాడ్జిలో దిగి నిద్ర పోగొట్టుకున్నాం. తెల్లవార్లూ బస్సుల మోత, పొద్దున్నే చూస్తే కుళాయిలో నీళ్లు లేవు. మర్నాడు కళక్కూట్టం వైపు మారాం. అద్దె కాస్త ఎక్కువే గానీ గది శుభ్రంగా ఉంది, తుంబాకు ఆటోలో తేలిగ్గా చేరాం. కోవళం అందమైన తీరమే. కానీ అది ఊరికి దక్షిణాన, తుంబా ఉత్తరాన. పిల్లలతో రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

అంతరిక్ష మ్యూజియం ఉన్నది సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చిలో. విక్రమ్ సారాభాయ్ అడిగితే బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా తన జనాన్ని ఒప్పించి ఆ గుడిని సైన్సుకు అప్పగించారు. ఈ చోటే ఎందుకంటే, భూ అయస్కాంత మధ్యరేఖ తుంబాకు దగ్గరగా పోతుంది. ఇక్కడ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఆకాశంలో విద్యుత్తు ఏరులా పారుతుంది. బెలూన్లు అంత పైకి పోలేవు, ఉపగ్రహాలు అంత కింద నిలవలేవు. దాన్ని తాకి చూడాలంటే, పైకి వెళ్లి కొలతలు తీసుకుని కింద పడే సౌండింగ్ రాకెట్టే దిక్కు.

1963 నవంబరు 21న ఇక్కడి నుంచి ఎగిరిన తొలి రాకెట్, నైకీ అపాచీ, అమెరికాది. మనం తయారు చేసుకున్న తొలి రాకెట్, రోహిణి ఆర్‌హెచ్-75, 1967 నవంబరు 20న ఎగిరింది. 75 అంటే దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. నా నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించాను: సరిగ్గా బెత్తెడు. వాడు ఆ బెత్తెడు వైపు చూశాడు, మళ్లీ చర్చి గోడల వైపు చూశాడు. రాకెట్ ముక్కును సైకిలు మీద పెట్టి నడిపించుకు వెళ్తున్న ఆనాటి ఫొటో గురించి చెబితే ఇంకా నమ్మలేకపోయాడు. శ్రీహరికోటలో వాడు చెవులు మూసుకున్నాడు. ఇక్కడ నోరు తెరిచాడు. నాకైతే ఇదే గొప్ప అనిపించింది.

వెళ్లేవారు ఒరిజినల్ గుర్తింపు కార్డు మరవకండి. పూట మొత్తం దీనికే కేటాయించండి.

శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న లేచిన తొలి రాకెట్ కూడా రోహిణే, ఆర్‌హెచ్-125. తిరుగు ప్రయాణంలో ఆ సంగతి చెప్పాను. గూడూరు రాగానే వాడు కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, శ్రీహరికోట ఎటువైపని అడిగాడు.