మొక్కజొన్న పిండి సంచులు: కొనే ముందు ప్యాకెట్ వెనక చూడండి

వంటింటి చెత్తబుట్టకి ఈ కంపోస్టబుల్ (చెత్తతో పాటు ఎరువుగా మారే) సంచులే వాడుతున్నాను, నాకు బాగా నచ్చాయి. పట్టుకుంటే మెత్తగా ఉంటాయి, మామూలు కవర్‌లా గరగరమనవు. 2021లో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీఓ సంచులు పెట్టారు కదా, అవీ మొక్కజొన్న పిండితో చేసినవే. తడి చెత్త రాత్రంతా ఉంచితే మాత్రం అడుగు నాని నీళ్లు కారతాయి, రోజూ మార్చాల్సిందే.

ప్యాకెట్ వెనక ఐఎస్ 17088 (కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కి మన దేశ ప్రమాణం) అని ఉంటేనే తీసుకోండి. ఊరికే ఆకు బొమ్మ వేసి ‘బయోడీగ్రేడబుల్’ అని అమ్మేవాటిలో కొన్ని పాలిథిన్‌లో రసాయనం కలిపినవి, ఎండకి పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతాయి, ఆ పొడంతా మట్టిలో, చెరువుల్లో మైక్రోప్లాస్టిక్‌గా ఉండిపోతుంది. ‘ఆక్సో’ అని పిలిచే ఈ రసాయనం కలిపిన రకాన్ని యూరోపియన్ యూనియన్ 2021లోనే నిషేధించింది. అసలైన సంచిని సూక్ష్మజీవులు నిజంగానే తినేస్తాయి, కానీ దాన్ని పరీక్షించేది 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టులో, అందుకే మేడ మీద కుండీలో వేస్తే చాలా ఆలస్యమవుతుంది, కాలువలో పడేస్తే అదీ చెత్తే. ధర ఎక్కువే, అయినా మళ్లీ కొంటాను. మీ ఊళ్లో తడి చెత్తని వేరుగా తీసుకెళ్లి కంపోస్టు చేస్తుంటే తప్పకుండా తీసుకోండి.